నాలుగో రింగు

పోయిన వారం ఉషారాణిని మనం కోట బస్టాండులో వదిలిపెట్టాం. షేర్ ఆటో వెనక సీట్లో, ఒళ్లో మోడెం డబ్బా పెట్టుకుని, పక్కనున్న చేపల గంప తన చీరకు తగలకుండా మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఈ వారమే కథలో అడుగుపెట్టిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి, ఆటో ఎలాగూ ఇంకా కదల్లేదు.

హజరత్తయ్య గారి రొయ్యల కంపెనీ ఆఫీసు నెల్లూరులో ఉంది. గుంటలు మాత్రం సముద్రం వెంబడి, కోట నుంచి దొరవారిసత్రం దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ గుంటల నీళ్లు పరీక్ష చేసి, రొయ్యల ఆరోగ్యం చూసి రాసే ఫీల్డువాళ్లు ఆరుగురు. మొన్నమొన్నటిదాకా వీళ్లు నోటు పుస్తకం చంకన పెట్టుకుని రోజూ బస్సెక్కి నెల్లూరు వచ్చేవాళ్లు. పుస్తకం ఆఫీసుకు చేరేసరికి అందులోని సంగతి పాతబడిపోయేది. ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉషారాణి దీనికి ఒక ఉపాయం చెప్పింది. పల్లెలో ఫోనున్న ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టి, దాన్ని మోడెంతో ఫోను తీగకు కలిపితే చాలు. అక్కడి నుంచే ఆఫీసు నంబరుకు డయల్ చేసి, ఆఫీసులో కూర్చుని పని చేసినట్టే రిపోర్టు ఎక్కించొచ్చు. మేనేజరు పెంచలప్రసాద్ ఇది జరిగే పని కాదన్నాడు. యజమాని హజరత్తయ్య మాత్రం నెల రోజులు గడువిచ్చాడు. షరతు ఒకటే. ఆరు రిపోర్టులూ సాయంత్రం అయిదింటి లోపల రావాలి. ఆఖరి రోజు ఒక్కటి తప్పినా ఆరుగురినీ ఇంటికి పంపించి, వాళ్ల బదులు జీపులో తిరిగే ఇద్దరిని నెల్లూరులోనే పెట్టుకుంటారు.

ఆ ఆఖరి రోజు ఈ శనివారమే.

అయిదు ఊళ్ల నుంచి రిపోర్టులు గడియారం పెట్టినట్టు వస్తున్నాయి. ఆరోది ఎర్రదిబ్బపాలెం. అక్కడి ఫీల్డు మనిషి సాయిలక్ష్మి రిపోర్టు ఒకరోజు వస్తుంది, రెండు రోజులు రాదు. ఆ పిల్ల గుంటల దగ్గరికి వెళ్లనే వెళ్లడం లేదని, ఇంట్లో కూర్చుని లైను పోయిందని సాకులు చెబుతోందని పెంచలప్రసాద్ అందరి ముందూ అన్నాడు. మాట పడే రకం కాదు ఉషారాణి. తనే వెళ్లి, ఆఖరి రోజు రిపోర్టు అక్కడి నుంచే పంపించి చూపిస్తానని చెప్పి బయలుదేరింది.

ఇక ఆటో కదిలింది.

ఎర్రదిబ్బపాలెంలో ఫోను ఒకే ఒక్క ఇంట్లో ఉంది. అది ఆ జాలర్ల పాలేనికి పెద్ద అయిన పెద్దకాపు కామాక్షయ్యది. సముద్రానికి ముఖం పెట్టిన రేకుల ఇల్లు, ముందు పొడుగాటి వసారా. వసారా చివర గదిలో కిటికీ పక్కన కంపెనీ ఇచ్చిన కంప్యూటర్, దాని పక్కన గోడకు కొట్టిన చెక్క మీద ఎర్ర ఫోను. ఉషారాణి చేరేసరికి మూడున్నర అయింది. సాయిలక్ష్మి ఇంకా గుంటల దగ్గరి నుంచి రాలేదు. వసారాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. కామాక్షయ్య చొక్కా లేకుండా, మెడలో తువ్వాలుతో గడప మీద కూర్చుని ఆమెను చూసి తలాడించాడు.

ఉషారాణికి తన పని మీద తనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఎక్స్ఛేంజి వాళ్లతో పోట్లాడి లైను రెండు సార్లు పరీక్ష చేయించింది. ఉప్పుగాలికి తీగ తుప్పు పట్టిందేమోనని కొత్త తీగ తెచ్చింది. మోడెం పాడైందేమోనని ఇంకో మోడెం తెచ్చింది. ఇన్ని మందులు సంచిలో వేసుకొచ్చిన డాక్టరు లాగా ధీమాగా గదిలోకి వెళ్లి కంప్యూటర్ వెనక్కి వంగి చూసింది. రోగం అక్కడే కనపడింది. మోడెం నుంచి ఫోను గూటికి వెళ్లాల్సిన తీగ అసలు తగిలించే లేదు. ఎవరో నేర్పుగా పీకి, ముడి పడకుండా చుట్ట చుట్టి, మేకుకు వేలాడదీశారు.

ఆమె ఆ తీగ తీసి గూటిలో పెట్టబోయింది. వెనక నుంచి ఒక చేయి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

అది కామాక్షయ్య భార్య ముసలమ్మ. పేరు ముసలమ్మే కానీ మనిషికి యాభై కూడా ఉండవు. గ్రామదేవత పేరు పెట్టుకున్న మనిషికి తగ్గట్టే పట్టు కూడా ఉంది.

"నేనే పీకినా. ఇప్పుడు పెట్టొద్దు" అంది.

సరిగ్గా అప్పుడే సాయిలక్ష్మి సైకిలు దిగి లోపలికొచ్చింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో నోటు పుస్తకం. ఉషారాణిని చూసి సంతోషపడాలో భయపడాలో తెలియక ఆగిపోయింది. తీగ సంగతి నీకు తెలుసా అని ఉషారాణి అడిగితే పుస్తకం బల్ల మీద పెట్టింది. తెలుసంది. మొదటి నుంచీ తెలుసంది. చెప్తే ఈ ఊరు పనికిరాదని పెట్టె ఎత్తేస్తారనీ, పెట్టెతో పాటు తన ఉద్యోగం కూడా పోతుందనీ చెప్పలేదంది. కోటలో మెట్టపొలం చేసుకునే ఇంటి ఆడపిల్ల ఆమె. జీతం తెచ్చే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఉషారాణికి కోపం వచ్చింది. అయితే ఆ కోపం ఎవరి మీద చూపించాలో తేలలేదు. అందుకని నేరుగా వసారాలోకి వచ్చి కామాక్షయ్య ఎదురుగా నిలబడింది.

"అన్నా, ఈ పెట్టె పెట్టుకోమని మీరే ఒప్పుకున్నారు. మళ్లీ మీ ఇంట్లోనే తీగ పీకుతున్నారు. ఆరుగురి అన్నం దీని మీద ఉంది. కారణం నాకు చెప్పాలి."

కామాక్షయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "కూర్చోమ్మా" అన్నాడు. ఆమె కూర్చుంది.

"దురాయి అంటే తెలుసునా మీకు? ఊరంతా కూర్చుని ఒకటి అనుకుంటే, దాన్ని ఊళ్లో ఎవురూ దాటకూడదు. నేను పెట్టిన దురాయి కాదిది, మా నాయన కూడా కాదు, ఊరు పెట్టింది. మధ్యాన్నం మూడు దాటినాక కూడా మా పడవ ఒడ్డుకు రాలేదంటే, ఆ పొద్దుకు ఆ ఫోను సముద్రం మీద ఉండేవాళ్లది. నాది కూడా కాదు."

తక్కిన సంగతి ఆడవాళ్లు తలా ఒక మాటగా చెప్పారు. తెల్లవారుజామున పోయిన పడవలు మామూలుగా మధ్యాహ్నానికి తిరిగొస్తాయి. గాలి తిరిగిన రోజున అవి ఇటు రాలేవు. దక్షిణంగా కొట్టుకుపోయి ఎక్కడ వీలైతే అక్కడ, ఒక్కోసారి తమిళ దేశంలో కూడా ఒడ్డు పడతాయి. దిగగానే వాళ్లు చేసే మొదటి పని దగ్గరున్న టెలిఫోను బూత్‌కు నడిచి, ఈ నంబరుకు ఫోను చేసి, ఒక్క రింగు మోగగానే పెట్టేయడం. ఎత్తితే అక్కడ డబ్బు పడుతుంది కాబట్టి ఇక్కడ ఎవరూ ఎత్తరు. ఒక్క రింగు అంటే ఒక పడవ క్షేమం. రాని పడవలు ఎన్నుంటే అన్ని రింగులు రావాలి. అన్నీ వచ్చేదాకా ఆ వసారాలో ఎవరూ లేవరు, ఎవరి పొయ్యీ వెలగదు. మోడెం లైను పట్టుకుని ఉంటే అవతలి వాళ్లకు ఎంగేజ్ వస్తుంది. మొదటి వారంలో ఒకరోజు అలాగే అయింది. మూడు పడవల వాళ్లు బతికి ఒడ్డున నిలబడి ఫోను చేస్తూనే ఉన్నారు, ఇక్కడ ఆడవాళ్లు చీకటి పడేదాకా ఏడుస్తూనే ఉన్నారు. ఆ మర్నాటి నుంచి ముసలమ్మ తీగ పీకడం మొదలుపెట్టింది.

ఉషారాణి మనసులో లెక్క వేసుకుంది. రిపోర్టు తప్పిన తేదీలన్నీ ఆమెకు నోటికొచ్చు. అవన్నీ గాలి తిరిగిన రోజులని ఇప్పుడు తెలిసింది. ఎక్స్ఛేంజిలో లేదు రోగం, తీగలో లేదు, మోడెంలో లేదు. ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని, ఆరు ఊళ్లకు వంతుల పట్టిక గీసినప్పుడు, ఎర్రదిబ్బపాలెం పక్కన నాలుగున్నర అని రాసింది తనే. సముద్రం మీద ఉన్నవాళ్లకు కూడా ఒక వంతు ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

"తప్పు నాదే అన్నా" అంది. "కానీ పెట్టె తెచ్చిన రోజే చెప్పుండొచ్చు కదా."

"మీరు అడగలేదు గదమ్మా" అన్నాడు కామాక్షయ్య. గొంతులో కోపం లేదు. "ఆ పొద్దు ప్లగ్గు యాడుండాదని అడిగినారు. కిటికీలోంచి ఉప్పుగాలి కొడతాదా అని అడిగినారు. పైకప్పు కారతాదా అని కూడా అడిగినారు. ఈ ఫోనుతో మీకేం పని అని మాత్రం అడగలా."

ఉషారాణి గడియారం చూసింది. ఇప్పుడు ఎన్ని పడవలు రావాలో చెప్పమంది. పొద్దున నాలుగు పోయాయి, గాలి తిరిగింది, నాలుగూ దక్షిణానికి పోయాయి. మూడు రింగులు వచ్చాయి. నాలుగోది రాలేదు. ఆ నాలుగో పడవలో కామాక్షయ్య కొడుకు శివ ఉన్నాడు.

అప్పుడు టైము నాలుగూ పది.

సాయిలక్ష్మి ఆమెను గదిలోకి పిలిచి నోటు పుస్తకం తెరిచి చూపించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది ఆ పేజీలో ఉంది. నాలుగు గుంటల్లో మూడు బాగున్నాయి. మూడో గుంటలో వల వేసి తీసిన రొయ్యల తల మీద తెల్లమచ్చలు. మేత ముట్టడం లేదు. గట్టు పక్కన చచ్చినవి తేలుతున్నాయి. తెల్లమచ్చ అంటే నీళ్ల వెంట గుంట నుంచి గుంటకు పాకి, రొయ్యలన్నిటినీ తుడిచిపెట్టే రోగం. ఈ రిపోర్టు అయిదింటి లోపల ఆఫీసుకు చేరితే, మూడో గుంట తూము మూసేయమని రాత్రికల్లా ఉత్తరువు వస్తుంది. చేరకపోతే రేపు పొద్దున మామూలుగా నీళ్లు మారుస్తారు. ఆ రోగం నీళ్లన్నీ కాలువలోకి పోతాయి. అదే కాలువ నీళ్లు చుట్టుపక్కల రైతులందరూ తమ గుంటలకు తోడుకుంటారు. ఆ కాలువ సముద్రంలో కలిసే మొగలోనే పాలెం ఆడవాళ్లు పీతలూ రొయ్యలూ పట్టుకుని అమ్ముకుంటారు.

సాయిలక్ష్మి గొంతు తగ్గించింది. రిపోర్టు టైపు చేయడం రెండు నిమిషాల పని, పంపడం మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనే రింగు వస్తుందని ఏముంది? ముసలమ్మ నీళ్లకు లేచినప్పుడు తీగ పెట్టేస్తే ఎవరికీ తెలియదు.

ఉషారాణికి ఆశ పుట్టలేదని నేను అబద్ధం చెప్పను. చెయ్యి తీగ దాకా వెళ్లింది కూడా. కానీ దొంగతనంగా పంపిన రిపోర్టుతో తను ఏం నిరూపించినట్టు? ఆమె తిరిగి వసారాలోకి వచ్చి, మూడో గుంట సంగతి ఉన్నదున్నట్టు కామాక్షయ్యకు చెప్పింది. మూడు నిమిషాలు కావాలని అడిగింది.

కామాక్షయ్య కాలువ వైపు చూశాడు. కాలువ అంటే ఏమిటో ఆమె కంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు రేపు దిగాల్సింది ఆ నీళ్లలోనే.

"ఆ పడవలో ఉండేది మా వాడమ్మా" అన్నాడు చివరికి. "అయిదు లోపల రింగు రాకపోతే నేను రెండు పడవలు తీసుకోని వెతకను పోవాల. మీ మూడు నిమిషాల్లో వాడు ఫోను చేసి, ఎంగేజని ఎళ్లిపోయినాడనుకో. నేను లేనివాడి కోసం సముద్రమంతా తిరుగుతా. నాతో వచ్చేవాళ్ల ఇళ్లల్లో మళ్లా ఇదే ఏడుపు. నాకు కాలువ కూడా కావాల. కానీ దురాయి నా కొడుక్కోసం సడలిస్తే తప్పు, నా కాలువ కోసం సడలిస్తే కూడా తప్పే."

"ముందు పడవే రానీ అన్నా" అంది ఉషారాణి. అని ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చుంది.

కూర్చుందంటే చేతులు ముడుచుకుని కాదు. సాయిలక్ష్మిని గదిలోకి పంపి, ఒక్కొక్కటే చేయించింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల లైను కలిశాక, తీరిగ్గా ఒక్కొక్క అంకె టైపు చేస్తూ అరగంట ఫోను పట్టుకుని కూర్చునేది. అలా చేయమని నేర్పింది కూడా ఉషారాణే. ఇవాళ రిపోర్టు మొత్తం ముందే టైపు చేయించింది. నంబరు ముందే కొట్టించి పెట్టింది. ఒక్క మీట నొక్కితే డయల్ అయ్యేలా, ఇంకో మీట నొక్కితే రిపోర్టు వెళ్లేలా అన్నీ అమర్చింది. కలవడానికి ఒక నిమిషం, పాస్‌వర్డుకు పది సెకన్లు, పంపడానికి ఒకటిన్నర నిమిషం. అయిదుకు మూడు నిమిషాల ముందు రింగు వచ్చినా పంపిస్తానని సాయిలక్ష్మితో ధీమాగా చెప్పింది. చెప్పాక తను కూడా నమ్మింది.

నాలుగున్నరకు ఫోను మోగింది. ఒక రింగు. ఆగలేదు. రెండు, మూడు. పడవవాళ్లు కాదు. ముసలమ్మ ఎత్తింది. అవతల వెంకటాచలం నుంచి ఆమె అక్క పేరమ్మ, మనవరాలికి పేరు పెట్టే రోజు ఖాయమైందని చెప్పబోయింది. ఇప్పుడు కాదక్కా అని ముసలమ్మ పెట్టేసింది. వెంటనే మళ్లీ మోగింది. అర్ధంతరంగా ఎందుకు పెట్టేశావని అడగడానికి చేసిన పేరమ్మే. ఇంకో సందర్భంలో అయితే అందరూ నవ్వేవాళ్లు. ముసలమ్మ ఈసారి మాట కూడా అనకుండా పెట్టేసి, ఫోను పక్కనే నేల మీద కూలబడింది. ఆ రెండు నిమిషాల్లో కొడుకు ఫోను చేసుంటే? ఉషారాణి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఎంగేజ్ వస్తే బూత్‌లో ఎవరూ వెంటనే వెళ్లిపోరని, మళ్లీ చేస్తారని చెప్పింది. ఆ సంగతి ముసలమ్మకు తెలియక కాదు, ఇంకొకరి నోటి నుంచి వినాలి కాబట్టి తలాడించింది.

నాలుగూ నలభై. నాలుగూ నలభై అయిదు. కామాక్షయ్య లేచి సముద్రం వైపు నాలుగడుగులు వేసి తిరిగొచ్చాడు. పడవలకు డీజిలు పోసి ఉంచమని ఎవరికో కబురు పంపాడు.

నాలుగూ యాభై ఒకటికి మోగింది.

ఒక్క రింగు. అంతే. ఆ తర్వాత ఇంకోటి వస్తుందేమోనని అందరూ గోడ వైపే చూస్తూ ఉండిపోయారు. రాలేదు. ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి గోడకున్న ఫోనుకే దండం పెట్టింది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటూ, పొయ్యిల మాట గుర్తొచ్చినా ఎవరూ లేవకుండా కూర్చున్నారు. కామాక్షయ్య తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. భుజాలు రెండు సార్లు కదిలాయి. తువ్వాలు తీశాక, లోపలికొచ్చి, మేకుకున్న తీగను తనే తీసి ఉషారాణి చేతిలో పెట్టాడు.

"ఇంక మీ వంతమ్మా" అన్నాడు.

ఆమె తీగ బిగించింది. సాయిలక్ష్మి మీట నొక్కింది. మోడెం టకటకమని నంబరు కొట్టి, గీపెట్టి, బుసకొట్టి, సణిగి, చివరికి సద్దుమణిగింది. పాలెం ఆడవాళ్లకు ఆ గోల కొత్త కాదు, అయినా ఈ రోజు గుమ్మంలో నిలబడి విన్నారు. లైను కలిసింది. సాయిలక్ష్మి తన పేరు కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది.

ఆఫీసు కంప్యూటర్ లోపలికి రానివ్వలేదు. ఈ పేరుతో ఒకరు ఇప్పటికే లోపల ఉన్నారని తెర మీద రాసింది.

సాయిలక్ష్మి ఇంకోసారి కొట్టింది. అదే మాట. నేను ఇక్కడుంటే లోపల ఎవరక్కా అని ఉషారాణి ముఖం కేసి చూసింది. ఉషారాణి ఆమెను పక్కకు జరిపి తన పేరుతో లోపలికి వెళ్లింది. ఆమెకు అన్నీ చూసే అధికారం ఉంది. ఎర్రదిబ్బపాలెం అరలో ఈ రోజు తేదీతో ఒక రిపోర్టు ఉంది. నాలుగూ పదికి, సాయిలక్ష్మి పేరుతో వచ్చింది. నాలుగు గుంటలూ బాగున్నాయి, రొయ్యలు మేత బాగా తింటున్నాయి, రోగం లేదు.

నాలుగూ పదికి సాయిలక్ష్మి బురద కాళ్లతో ఆమె పక్కనే ఉంది. ఆ సమయంలో తీగ మేకుకు వేలాడుతోంది.

రేపు రొయ్యలు చచ్చి తేలితే, చూడకుండానే బాగున్నాయని రాసిందన్న నింద ఈ పిల్ల మీద పడుతుంది. ఉషారాణికి ఆ ఆలోచనతో ఒళ్లు మండింది. సాయిలక్ష్మి రాసిన అసలు రిపోర్టును తన పేరు మీద పంపించింది. నాలుగూ యాభై ఆరుకు అది ఆఫీసుకు చేరింది. చేరినట్టు తెర మీద కనపడింది. గడువు నిలబడింది. సాయిలక్ష్మి ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది.

ఉషారాణి మాత్రం ఇంకో పని చూస్తోంది. సాయిలక్ష్మి పేరుతో ఉన్న మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో వెతికింది. ఫోను లైను మీద రాలేదు. ఆఫీసు లోపలి నుంచే వచ్చాడు. ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కూ ఒక పేరు ఉంటుంది. అక్కడున్న పేరు ఆమె చూసి నమ్మలేక ఇంకోసారి చూసింది. అది తన బల్ల మీది కంప్యూటర్. ఆరుగురి పాస్‌వర్డులూ రాసిన కాగితం ఆ బల్ల సొరుగులోనే ఉంటుంది. తన కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. కూర్చుని, ఒక్క నిమిషం కింద తను పంపిన రిపోర్టును తెరుస్తున్నారు.

పెంచలప్రసాద్ అనుకుంది. ఇంకెవరు? ఒక కంప్యూటర్ నుంచి ఇంకో తెర మీదికి చిన్న కబురు పంపే వీలుంది. నా కుర్చీలో కూర్చున్నది ఎవరని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపింది. తర్వాత మెల్లగా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టినట్టు, జవాబు వచ్చింది.

"నేనే అమ్మాయీ."

ఆఫీసులో ఆమెను అమ్మాయీ అని పిలిచేది ఒక్కరే. పెంచలప్రసాద్ కాదు. నెల రోజులు గడువిచ్చి, అందరి ముందూ ఆమెను మెచ్చుకున్న హజరత్తయ్య. కీబోర్డు మీద అక్షరాలు వెతకడం ఆయనకు నేర్పింది తనే. ఇంతలో రెండో కబురు వచ్చింది. ఇది పొడుగ్గా ఉంది. ముందే రాసి పెట్టుకున్నట్టుంది.

గది గుమ్మంలో కామాక్షయ్య నిలబడ్డాడు. ఆయన వెనక ముసలమ్మ, ఆమె వెనక ఆడవాళ్లు. వాళ్లకు ఆ అక్షరాలు చదవడం రాదు. వాళ్లు చూస్తున్నది ఉషారాణి ముఖాన్ని.

"ఏమంటుండారమ్మా ఆఫీసోళ్లు?" అని అడిగాడు కామాక్షయ్య. "తూము మూయమన్నారా?"

అయిదుకు ఇంకా రెండు నిమిషాలు ఉంది. మూయమన్నారని ఒక్క మాట చెప్పి తీగ పీకేస్తే సరిపోతుంది. ఆరుగురి ఉద్యోగాలు నిలుస్తాయి, ఆమె మాట నిలుస్తుంది, సోమవారం ఆఫీసులో ఆమెకు దండ వేస్తారు. సాయిలక్ష్మి ఆమె పక్క నుంచి తెర మీదిది చదివేసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఉషారాణి కుర్చీని గుమ్మం వైపు తిప్పుకుంది. వసారా చివరి మనిషికి కూడా వినపడేలా, ఒక్క మాట వదలకుండా చదివింది.

"సోమవారం గుంటలు కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. మూడో గుంట సంగతి కాపలావాడు నాకు పొద్దునే చెప్పాడు. అప్పటిదాకా అది కాగితం మీద ఉండకూడదు. రేపు పొద్దున నీళ్లు మార్పించేస్తా. నువ్వు ఏం పంపినా చెరిపేస్తా. ఫోను పెట్టేసి వచ్చెయ్. నువ్వు నోరు తెరవకపోతే ఆ ఆరుగురినీ నేను పర్మనెంట్ చేస్తా. ఇది నా మాట."

చదవడం పూర్తయ్యేసరికి కామాక్షయ్య, ఊరి మగవాళ్లను మూడో గుంట తూము దగ్గరికి రమ్మని కేకేస్తూ, లోపలి దండెం మీద నుంచి చొక్కా తీసి తొడుక్కుంటున్నాడు.